నిలిచిన బండి యేల వణకును?

మా పాఠశాలకు ఒక పాత వ్యాను కలదు. అది పిల్లలను చేరవేయు బండి కాదు. పాఠ్యపుస్తకముల కట్టలు, ప్రయోగశాల సామగ్రి, వార్షికోత్సవమునకు కావలసిన కుర్చీలు, మైకుసెట్టు మొదలైనవానిని మోయుటకు మాత్రమే దానిని వాడుచున్నాము. మారుతి సంస్థ 1984లో విడుదల చేసి, తరువాత ఓమ్ని యను పేరుతో అమ్మిన చిన్న వ్యానుల కోవకు అది చెందినది. ఆ బండ్ల తయారీ 2019లో నిలిచిపోయినను బెంగుళూరు వీధులలో అవి నేటికిని కనబడుచునే యున్నవి. మన పాఠశాల తలిదండ్రులలో అట్టి వ్యానులను, ఆటోలను నడుపుకొని సంసారము నీడ్చువారు కొందరు కలరు. కావున మా బండికి వచ్చిన జబ్బును, దాని కారణము దొరకిన విధమును ఇచట వ్రాసిన వారికి ఉపయోగపడునని తలంచితిమి. మోటారుబండితో పనిలేనివారికి సైతము ఇందులో ఆలోచింపదగిన విషయము కొంత కలదు.

మా బండి జబ్బు ఇది. పరుగెత్తుచుండగా ఏ దోషమును కనబడదు. సిగ్నలు వద్ద నిలిపినంతనే ఒడలంతయు వణకును. అద్దములు గలగలలాడును. కొన్నిమారులు ఇంజను ఆగిపోవును. టౌన్ హాల్ సిగ్నలు వద్ద ఒకనాడు మూడుమారులు ఆగి, వెనుక బండ్లవారి హారనులతో చెవులు చిల్లులు పడెను. మా డ్రైవరు వచ్చి, “పోతా ఉంటే ఏమీ లేదు సార్. నిలబెడితేనే వణుకుతాది” అని చెప్పెను. రోగనిర్ణయమునకు కావలసినదంతయు ఆ రెండు మాటలలోనే యుండెను. కాని మేము గ్రహింపలేదు.

బండిని ఒక గ్యారేజికి పంపితిమి. అచట ఒక స్క్రూ త్రిప్పి ఇంజను వేగము హెచ్చించిరి. మరియొక స్క్రూ త్రిప్పి పెట్రోలు పాలు హెచ్చించిరి. వణకు తగ్గినట్లే యుండెను. కాని నెల తిరుగునప్పటికి పెట్రోలు ఖర్చు పెరిగెను. అంతకుముందు లీటరుకు 13 కిలోమీటర్లు పోవుచుండిన బండి 10 కిలోమీటర్లకు దిగినది. లెక్క కార్యవర్గము ముందుకు వచ్చినపుడు, కొనిన పెట్రోలంతయు బండిలోనికే పోవుచున్నదా యను ప్రశ్న పుట్టినది. ఆ ప్రశ్న డ్రైవరును ఉద్దేశించినదని అందరికిని తెలియును. ఆనాడు మేమును నోరు మెదపలేదు. పది సంవత్సరములుగా ఒక్క పైసా తేడా రానీయని మనిషిని గూర్చి మేము మౌనము వహించితిమి గదా యని నేడు సిగ్గుపడుచున్నాము.

వణకు మరల వచ్చెను. ఈ మారు గ్యారేజివారు ఇంజను దింపి విప్పవలసినదే యనిరి. వారు చెప్పిన మొత్తము మా నిధికి మించినది. అపుడు కాని మేము పుస్తకములు తెరచి, తెలిసినవారి నడిగి, అసలు విషయమును నేర్చికొనలేదు.

ఇంజను గాలి పీల్చు విధము

పెట్రోలు ఇంజనులో పిస్టను క్రిందికి దిగునపుడు సిలిండరులో చోటు పెరుగును. ఆ చోటు నింపుటకు బయటి గాలి లోనికి త్రోసికొని వచ్చును. అది ఏర్ ఫిల్టరును, పిదప కార్బురేటరును దాటి, మానిఫోల్డు అను గొట్టపు కొమ్మల ద్వారా ఒక్కొక్క సిలిండరును చేరును. కార్బురేటరు నడుమ నుండి పోవు గాలి తనతోకూడ పెట్రోలును తీసికొనిపోవును. తూకమున 1 పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి యున్నచో రెండును పూర్తిగా మండునని లెక్క.

కార్బురేటరులో త్రాటిల్ అను గుండ్రని పలక యున్నది. ఆక్సిలరేటరు త్రొక్కిన అది తెరచుకొనును. కాలు తీసిన దాదాపుగా మూసికొనును. బండి నిలిచియుండగా ఇంజను మెల్లగా తిరుగుటను ఐడిలింగ్ అందురు. అపుడు పిస్టనులు గాలిని లాగుచునే యుండును. దారి మాత్రము మూతపడి యుండును. అందుచేత త్రాటిల్ పలకకు లోపలివైపున, అనగా మానిఫోల్డులో, గాలి పలుచబడును. దీనినే మెకానిక్కులు వాక్యూము అందురు. అది పూర్ణశూన్యము కాదు. బయటి గాలికన్న తక్కువ ఒత్తిడి గల స్థితి మాత్రమే.

కొబ్బరిబోండములో గొట్టము పెట్టి త్రాగునపుడు ఆ గొట్టమునకు నడుమ చిన్న పగులున్న ఏమగును? ఎంత పీల్చినను నీరు సరిగా రాదు. పగులు నుండి గాలి వచ్చి నోరు నిండును. మానిఫోల్డులో ఎచట సందు దొరికినను ఇదియే జరుగును. ఆ సందున దూరిన గాలి కార్బురేటరును దాటి రాలేదు; కావున దానివెంట పెట్రోలు లేదు. మిశ్రమము పలుచబడును. పలుచని మిశ్రమము ఒకమారు మండును, ఒకమారు మండదు. సందుకు దగ్గరగా నున్న సిలిండరునకు ఎక్కువ గాలి, దూరమున నున్నదానికి తక్కువ గాలి చేరును. మూడు సిలిండరులు మూడు విధములుగా పనిచేయును. మనము చూచు వణకు ఇదియే.

రెండు మిల్లీమీటర్ల లెక్క

అంత చిన్న సందు ఇంత పెద్ద ఇంజనును ఎట్లు కుదుపగలదు? నిలిచినపుడే వణకి, పరుగున ఏల వణకదు? ఈ ప్రశ్నలకు లెక్కయే సమాధానము. మా పదవ తరగతివారు దీనిని నల్లబల్లపై వేసిరి.

ఈ వ్యాను ఇంజను మూడు సిలిండరులది. మొత్తము పరిమాణము 796 ఘనసెంటీమీటర్లు. రెండు చుట్లకు ఒకమారు ఈ పరిమాణము నిండును. ఐడిలింగులో నిమిషమునకు 900 చుట్లు తిరుగునని కొందము. అపుడు నిమిషమునకు 450 మారులు నిండును. అనగా సుమారు 358 లీటర్లు. కాని మానిఫోల్డులోని గాలి బయటి గాలికన్న బహు పలుచన. దానిని బయటి గాలి లెక్కకు మార్చిన సుమారు 120 లీటర్లు మాత్రమే యగును. ఇదియే నిలిచిన ఇంజను నిమిషమునకు పీల్చు ఊపిరి.

ఇపుడు మానిఫోల్డునకు 2 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల రంధ్రము పడినదనుకొందము. అది అగ్గిపుల్ల మందము. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో సుమారు సగమునకు దిగినపుడు రంధ్రములో గాలి ధ్వనివేగమును అందుకొనును. అట్టి వేగముతో ఆ చిన్న రంధ్రమునుండి నిమిషమునకు సుమారు 25 లీటర్ల గాలి లోనికి పోవును. 120 లీటర్లకు 25 లీటర్లనగా అయిదవ వంతు! 14.7 పాళ్ళుండవలసిన గాలి 18 పాళ్ళ దరిదాపునకు చేరును. అట్టి మిశ్రమము నిప్పు నందుకొనుట కష్టము.

అదే బండి రోడ్డుపై నిమిషమునకు 3000 చుట్లతో, త్రాటిల్ బాగుగా తెరచుకొని పోవునపుడు ఇంజను పీల్చు గాలి 900 లీటర్లకు చేరును. త్రాటిల్ తెరచినందున వాక్యూమును తగ్గును. రంధ్రపు గాలి 25 లీటర్లకు మించదు సరికదా ఇంకను తగ్గును. 900 లీటర్లలో అది నూటికి రెండు మూడు పాళ్ళు. ఇంజను దానిని లెక్కచేయదు. “పోతా ఉంటే ఏమీ లేదు, నిలబెడితేనే వణుకుతాది” యన్న మాట ఈ లెక్కకు సరిగా సరిపోవుచున్నది.

స్క్రూలు త్రిప్పిన వైద్యము ఏల పొసగలేదో కూడ ఇందువలన తెలియును. పెట్రోలు హెచ్చించి దొంగగాలికి ఈడు చేయవచ్చును. కాని ఆ హెచ్చు పెట్రోలు పరుగునను కొంత ఖర్చగుచుండును. మఱియు పొగ పరీక్షలో చిక్కు వచ్చును. 2000కు ముందు తయారైన పెట్రోలు కారులకు, వ్యానులకు ఐడిలింగు పొగలో కార్బన్ మోనాక్సైడు 3 శాతమునకు మించరాదని నిబంధన. పెట్రోలు ఎక్కువైన ఆ విషవాయువు పెరుగును. ఒక తప్పును కప్పుటకు మరియొక తప్పు చేసినట్లగును.

గాలికి దొంగదారులు

గాలి దూరు చోట్లు లెక్కకు కొన్నియే. మొదటిది, కార్బురేటరు మానిఫోల్డుపై కూర్చొను చోటి ప్యాకింగు. నట్లు వదులైనను, ప్యాకింగు ఎండి చిట్లినను సందు పడును. రెండవది, మానిఫోల్డు ఇంజను తలకు అతుకు చోటి ప్యాకింగు. మూడవది, మానిఫోల్డునుండి బయలుదేరు రబ్బరు హోసులు. ఇంజను లోపలి ఆవిరులను మరల మానిఫోల్డునకు పంపు హోసు ఒకటి. బ్రేకు బూస్టరు గల బండ్లలో దానికి పోవు హోసు ఒకటి. నాలుగవది, త్రాటిల్ పలకను మోయు ఇరుసు. చిరకాలము తిరిగిన దాని రంధ్రము అరిగి వదులగును. అయిదవది, వాడుకలో లేని గొట్టపు మొనలకు తొడిగిన రబ్బరు టోపీలు. ఇవి ఎవరి కంటను పడవు.

స్పార్కు కాలమును సర్దుటకు డిస్ట్రిబ్యూటరునకు పోవు సన్నని హోసు విషయమున ఒక మెలకువ కలదు. కొన్ని బండ్లలో దాని మొన త్రాటిల్ పలకకు వెలుపలివైపున నుండును. అట్టిచో ఐడిలింగులో దానికి లాగుడు ఉండదు. అది పగిలినను నిలిచిన బండి వణకదు; కాని బండి ఊపు తగ్గును.

ఓమ్నిలో ఇంజను ముందుసీట్ల క్రింద నుండును. సీటు ఎత్తిననే కాని కానరాదు. ఇరుకైన చోట వేడికి రబ్బరు త్వరగా గట్టిపడి చిట్లును. ఇపుడు పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. పాతబండ్లలోని కొన్ని రబ్బరు భాగములకు అది పడదు. ఇథనాలులో ఆక్సిజను ఉన్నందున మిశ్రమమును స్వల్పముగా పలుచబరచును. కావున పాతబండి గలవారు హోసులను ఏడాదికి ఒకమారైనను చేతితో వంచి చూచుకొనుట మంచిది.

బ్రేకు బూస్టరు గలవారికి ప్రత్యేకముగా చెప్పవలసినది కలదు. ఆ హోసు లీకైనచో వణకు మాత్రమే కాదు, బ్రేకు పెడలు గట్టిపడి బండి నిలుచుట ఆలస్యమగును. పరీక్ష సులభము. ఇంజను ఆపి పెడలును నాలుగైదు మారులు త్రొక్కి, కాలు దానిపైననే యుంచి ఇంజను స్టార్టు చేయవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగినచో బూస్టరు పనిచేయుచున్నది. దిగనిచో బండిని రోడ్డుకు తీయక ముందుగా మెకానిక్కును పిలువవలెను.

వెదకుటకు ముందు జాగ్రత్తలు

బండిని ఆరుబయట, మట్టమైన చోట నిలుపవలెను. మూసిన షెడ్డులో ఇంజను తిరుగరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణములు తీయును. గేరు న్యూట్రలులో నుంచి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రములకు రాళ్ళు పెట్టవలెను. పంచె చెంగు, చీర కొంగు, వదులు చేతులు ఫ్యాను దగ్గరకు పోరాదు. బీడీ, సిగరెట్టు, దీపము దరికి రానీయరాదు. సందు తెలిసికొనుటకు పెట్రోలు చిలకరించువారు కొందరు కలరు. వేడి ఇంజనుపై అది నిప్పుతో చెలగాటమే. అట్లెన్నడును చేయరాదు. పిల్లలను దూరముగా నిలుపవలెను. మా విద్యార్థులు లెక్క వేసినది తరగతిలోనే. బండి దగ్గరకు వారిని రానీయలేదు.

వెదకు క్రమము

ప్రతి వణకును గాలి లీకు కాదు. ప్లగ్గు మసిబారినను, ప్లగ్గు వైరు చెడినను, వాల్వుల సందు తప్పినను ఇంజను వణకును. అయితే ప్లగ్గు దోషము సాధారణముగా ఎత్తు ఎక్కునపుడును, బరువు లాగునపుడును బయటపడును. గాలి లీకు నిలిచినపుడు హెచ్చుగా నుండి, వేగము పెరిగిన కొలది మాయమగును. మొదట ఈ తేడాను గమనింపవలెను.

రెండవ మెట్టు చోకు పరీక్ష. ఇంజను వేడెక్కిన పిదప, వణకుచుండగా చోకును కొద్దిగా లాగవలెను. చోకు గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచును. వణకు తగ్గినచో మిశ్రమము పలుచబడినదని అర్థము. అనగా గాలి ఎక్కువైనది, లేక ఐడిలింగు జెట్టులో మట్టి చేరి పెట్రోలు తక్కువైనది. చోకు లాగిన వణకు ఇంకను పెరిగినచో దోషము వేరుచోట వెదకవలెను.

మూడవ మెట్టు కన్ను, చెవి. హోసులను ఒక్కొక్కటిగా వంచి వెనుకవైపు చూడవలెను. పగులు ఎపుడును కనబడనివైపుననే యుండును. అర గజము రబ్బరు గొట్టము తీసికొని ఒక కొన చెవివద్ద నుంచి, రెండవ కొనను అతుకులవెంట త్రిప్పిన, లీకు ఉన్నచోట బుస్సుమను శబ్దము స్పష్టముగా వినబడును. వైద్యుడు గుండె చూచుట వంటిదే యిది.

నాలుగవ మెట్టు నొక్కి చూచుట. ఒక్కొక్క హోసును మానిఫోల్డు దగ్గర, గుడ్డ చుట్టిన పటకారుతో మెల్లగా నొక్కవలెను. నొక్కినపుడు ఇంజను నడక మారినచో, ఆ నొక్కిన చోటికి అవతల లీకు కలదు. మారనిచో ఆ దారి మంచిది. ఇంజను ఆవిరుల హోసు మాత్రము మంచిగా నున్నపుడును గాలి పంపునదే గనుక, దానిని నొక్కిన నడక కొంత మారుట సహజము. దానిని చూచి మోసపోరాదు.

అయిదవ మెట్టు నీరు. చిన్న పిచికారీ సీసాతో ప్యాకింగు అతుకులపై కొద్దికొద్దిగా నీరు చల్లవలెను. సందు ఉన్నచో నీరు క్షణకాలము దానిని మూయును. వెంటనే ఇంజను నడక మారును. ప్లగ్గులపై, డిస్ట్రిబ్యూటరుపై, ఎర్రగా కాగిన ఎగ్జాస్టు గొట్టముపై నీరు పడరాదు.

ఇన్నిట కూడ దొరకనిచో మెకానిక్కువద్ద పొగ పరీక్ష చేయింపవలెను. ఇంజను ఆపి, మానిఫోల్డులోనికి తక్కువ ఒత్తిడితో పొగను పంపుదురు. సాంబ్రాణి పొగ తలుపు సందునుండి తీగవలె బయటికి వచ్చునట్లు, ఈ పొగ లీకునుండి పైకి లేచును.

ఈ క్రమమున ముఖ్యమైన నియమము ఒకటియే. ఒకమారు ఒక్కదానినే మార్చి, ఫలితము చూచి, పిదప రెండవదానిని ముట్టవలెను. నాలుగు భాగములు ఒక్కసారి మార్చిన జబ్బు పోయినను కారణము తెలియదు. డబ్బు మాత్రము నాలుగింతలు పోవును.

బెంగుళూరు ఎత్తు, గేజి ముల్లు

వాక్యూమును కొలుచు గేజి యొకటి కలదు. సముద్రతీరమును దృష్టిలో నుంచుకొని వ్రాసిన పుస్తకములలో, మంచి ఇంజను ఐడిలింగులో 17 మొదలు 21 అంగుళముల పాదరసము చూపునని యుండును. మన ఊరిలో ఆ అంకెను పట్టుకొన్నచో ఆరోగ్యమైన ఇంజనును రోగిగా లెక్కించుట జరుగును.

ఇటలీ దేశపు టారిచెల్లి 1643లో గాలికి బరువు కలదని పాదరసపు గొట్టముతో చూపెను. 1648లో పాస్కల్ కోరికపై అతని బావగారగు పెరియే ఫ్రాన్సులోని ప్యూ ద డోమ్ కొండ యెక్కి, పైకి పోయిన కొలది పాదరసము దిగుట చూచెను. ఎత్తు పెరిగిన గాలి ఒత్తిడి తగ్గును. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల, అనగా 3000 అడుగుల ఎత్తున నున్నది. తీరమున 30 అంగుళములుండు పాదరసము ఇచట సుమారు 27 అంగుళములే. గేజి చూపునది లోపలికిని బయటికిని గల తేడాను. బయటి ఒత్తిడియే 3 అంగుళములు తగ్గినపుడు గేజియు ఇంచుమించు అంతే తగ్గి చూపును. కావున చెన్నపట్టణమున 18 అంగుళములు చూపు ఇంజను మన ఊరిలో 15 చూపినచో భయపడ పనిలేదు.

ముల్లు చూపు అంకెకన్న దాని నడవడి ముఖ్యము. ముల్లు కదలక స్థిరముగా తక్కువలో నిలిచినచో గాలి లీకును గాని, స్పార్కు ఆలస్యమగుటను గాని శంకింపవలెను. సమానమైన వ్యవధులతో టక్కున పడి లేచుచున్నచో ఏదో వాల్వు సరిగా మూసికొనుట లేదు. మెల్లగా అటునిటు ఊగుచున్నచో మిశ్రమము సరిగా లేదు.

ఇంజెక్షను బండ్లలో కంప్యూటరు గాలిని అంచనా కట్టి పెట్రోలును సర్దును. అందులో లీకు పడిన వణకునకు బదులు ఇంజను వేగము పెరుగుటయు, హెచ్చరిక దీపము వెలుగుటయు కలుగవచ్చును. పేరు మారినను దోషము అదియే. వెదకు పద్ధతియు చాలవరకు అదియే.

మా బండిలో కనబడినది

కలాసిపాళ్యము దగ్గర పనిచేయు ఒక పెద్దవయసు మెకానిక్కు మా మాట విని నవ్వి, “ఇంజను దింపేది ఏమీ వద్దు సార్. ముందు చెవి పెట్టి చూస్తాము” అనెను. చోకు లాగగా వణకు తగ్గినది. హోసులు నొక్కగా తేడా రాలేదు. పిదప రబ్బరు గొట్టము చెవినుంచుకొని మానిఫోల్డు క్రిందికి పోయి, ఒకచోట ఆగి, మా డ్రైవరును పిలిచి వినుమనెను. ఆ తరువాత మేమును వింటిమి. పాము బుసవంటి సన్నని చప్పుడు.

మాకు పూర్వము ఈ బండి గలవారు గ్యాసు కిట్టు పెట్టించి, పిదప తీయించిరి. ఆ కిట్టునకు వాక్యూము ఇచ్చుటకై మానిఫోల్డునకు చేర్చిన చిన్న గొట్టపు మొన అట్లే మిగిలినది. దానికి ఒక రబ్బరు టోపీ తొడిగి విడిచిరి. సంవత్సరముల వేడికి ఆ టోపీ అడుగున చిట్లినది. కొత్త టోపీ జె. సి. రోడ్డు అంగడిలో దొరకినది. దాని వెల హోటలులో ఒక కాఫీ వెలకు మించలేదు. దానిని క్లిప్పుతో బిగించి, హెచ్చించిన వేగమును, హెచ్చించిన పెట్రోలును మరల మొదటి కొలతకు దింపగా బండి నిలిచిన చోట నిశ్చలముగా తిరిగినది. మరుసటి నెల లెక్కలో లీటరుకు 13 కిలోమీటర్లు మరల వచ్చినవి.

ఆ రెండు నెలల లెక్కలను కార్యవర్గము ముందు చదివి, పెట్రోలు ఎచటికి పోయినదో వివరించితిమి. డ్రైవరును లోనికి పిలిచి, అందరి యెదుటను క్షమాపణ చెప్పితిమి. అతడు తలవంచుకొని, “పోనీండి సార్. బండి సరైంది కదా” అనెను. ఆ మాట మమ్ము మరింత సిగ్గుపరచినది. మొదటి దినమున అతడు చెప్పిన రెండు మాటలను శ్రద్ధగా వినియుండిన, గ్యారేజి ఖర్చును లేదు, ఒక మంచివానిపై అనుమానమును లేదు.

తలిదండ్రులకు ఒక మనవి చేసి ముగింతుము. అర్ధసంవత్సర పరీక్ష మార్కులు వచ్చినపుడు కొందరు మా వద్దకు వచ్చి, “పిల్లవాడు తప్పినాడు, బడి మార్చుదుమా? తెలుగు మాన్పించి వేరు మాధ్యమమున చేర్చుదుమా?” అని అడుగుదురు. అది ఇంజను దింపి విప్పుట వంటిది. అంతకుముందు చూడవలసిన చిన్నవి కలవు. నల్లబల్లమీది అక్షరములు పిల్లవానికి కనబడుచున్నవా? ఉదయము ఏమైనను తిని వచ్చుచున్నాడా? రాత్రి చదువుకొనుటకు మూల యొకటి దొరకుచున్నదా? ఏ తరగతిలో ఏ పాఠమువద్ద వెనుకబడెను? వీనిని ఒక్కొక్కటిగా విచారింపవలెను. అన్నిటికన్న ముందు, పిల్లవాడు తన బాధను తన మాటలలో చెప్పునపుడు మనము వినవలెను. మా డ్రైవరు మాటను మేము విననట్లు కారాదు.